పాత రాక్ ఆల్బమ్, కొత్త సీడీ: ‘రీమాస్టర్డ్’ ముద్ర వెనక

ఎవరికైనా ఒకే పాటను రెండుసార్లు వినిపించండి. రెండోసారి వాల్యూమ్‌ను ఒక్క డెసిబెల్ పెంచండి, అంతకంటే వద్దు. “శబ్దం పెరిగింది” అని దాదాపు ఎవరూ అనరు. “రెండోది ఇంకాస్త క్లియర్‌గా ఉంది, బేస్ బాగా వచ్చింది” అంటారు. మన చెవి తత్వమే అంత. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు బాగా కింది స్వరాలు, బాగా పై స్వరాలు సరిగా ఆనవు. శబ్దం పెంచేకొద్దీ అవి బయటికొస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. స్పీకర్లు అమ్మే షాపువాళ్లకు ఆ గ్రాఫులు చూడకుండానే ఈ సంగతి తెలుసు. పాత రాక్ ఆల్బమ్‌లను పదేళ్లకోసారి కొత్త సీడీలుగా అమ్మిన కంపెనీలకూ తెలుసు.

ఫోన్‌లో ఏ పాత రాక్ పాట వెతికినా పేరు పక్కన ‘2009 రీమాస్టర్’, ‘2011 రీమాస్టర్’ అని కనిపిస్తుంది. పాత సినిమా ప్రింటును తుడిచి బాగుచేసినట్టు, పాటను కూడా శుభ్రం చేసి ఇచ్చారని అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు జరిగింది కేవలం ఆ ఒక్క డెసిబెల్ పనే, కాకపోతే ఒకటి కాదు ఆరో ఏడో డెసిబెల్స్. ఆ ముద్ర చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే ఈ వ్యాసం.

ముందు మాస్టరింగ్ అంటే ఏమిటో చూద్దాం. రాక్ బ్యాండు స్టూడియోలో వాయించినప్పుడు డ్రమ్స్, గిటార్లు, గొంతు వెడల్పాటి టేపు మీద వేర్వేరు ట్రాకులుగా ఎక్కుతాయి. 1960ల మధ్యలో నాలుగే ట్రాకులు ఉండేవి, 1970లకు పదహారు, ఇరవై నాలుగు అయ్యాయి. వాటిని ఏది ఎంత వినిపించాలో, ఏది ఎడమ, ఏది కుడి అని తేల్చి, రెండే ట్రాకులున్న మరో టేపు మీదికి దించడం మిక్సింగ్. అలా వచ్చింది మాస్టర్ టేప్. దాన్ని ఎల్పీకో (గాడిలో ముల్లు తిరిగితే పాడే పెద్ద రికార్డు) సీడీకో పనికొచ్చేలా సిద్ధం చేసే చివరి మెట్టు మాస్టరింగ్. అప్పటికి పులిహోర కలిపేసినట్టే. పోపు వేరుగా తీయలేం, చింతపండు వెనక్కి లాగలేం. మొత్తం మీద బేస్ కాస్త తగ్గించడం, పైస్వరాలు కాస్త పెంచడం, పాటకూ పాటకూ మధ్య శబ్దం సరిచూడడం, ఆల్బమ్ మొత్తం ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించడం, ఇంతే చేయగలిగేది. ఇదే పనిని మరోసారి చేస్తే రీమాస్టర్. ట్రాకుల దాకా వెనక్కి వెళ్లి మళ్లీ కలిపితే అది రీమిక్స్. ఈ రెండింటినీ కలగలిపి అమ్మిన కథలున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

గట్టిగా వినిపించాలన్న యావ డిజిటల్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు, కానీ అది ఎల్పీల నాటిదే. 1969లో ‘లెడ్ జెప్లిన్ 2’ ఎల్పీని బాబ్ లుడ్విగ్ అనే యువ ఇంజనీర్ మాస్టర్ చేశాడు. శబ్దం ఎక్కువ కావాలంటే గాడి ఎక్కువగా ఊగాలి. అతను గాడిని చాలా గట్టిగా చెక్కాడు. చిన్న చవక ప్లేయర్ మీద పెడితే ముల్లు గాడిలో నిలవకుండా ఎగిరిపోయింది. రికార్డు కంపెనీ అట్లాంటిక్ వెంటనే శబ్దం తగ్గించి మళ్లీ చెక్కించింది. లుడ్విగ్ పొడి అక్షరాలు ‘ఆర్ఎల్’ గీసి ఉన్న ఆ మొదటి ఎల్పీల కోసం సేకర్తలు ఇప్పటికీ పెద్ద డబ్బు పెడుతున్నారు.

ఈ కథలో అసలు విషయం ఆ ముల్లు. ఎల్పీకి ఒక భౌతికమైన హద్దు ఉంది. బేస్ మరీ ఎక్కువైతే ముల్లు ఎగురుతుంది. ఒక వైపు పాటలు ఎక్కువైతే గాడులు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది. అందుకే అప్పటి ఇంజనీర్లు బేస్‌ను కత్తిరించి, మధ్యకు తెచ్చి, పైస్వరాలను అదుపు చేసి ఎల్పీ కోసం ప్రత్యేకంగా ఒక టేపు తయారుచేసుకునేవారు. ఇతర దేశాల్లోని శాఖలకు ఆ టేపు కాపీలు వెళ్లేవి. టేపును కాపీ చేసిన ప్రతిసారీ కాస్త బుస్ శబ్దం చేరుతుంది, కాస్త వివరం పోతుంది.

1982 అక్టోబర్‌లో జపాన్ మార్కెట్లోకి సీడీ వచ్చింది. సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన పద్ధతి అది. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద రాసిపెడతారు. మెత్తటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. ఎల్పీ దీనికి చాలా దూరం. ముల్లు లేదు కనుక ఎగరడమూ లేదు.

పరికరం కొత్తది, కానీ షెల్ఫులోంచి దిగిన టేపు పాతది. రికార్డు కంపెనీలకు తమ పాత ఆల్బమ్‌లన్నీ వెంటనే సీడీలుగా కావాలి. చేతికి దొరికిన టేపును ఎక్కించిన సందర్భాలు చాలా ఉన్నాయి. చాలాసార్లు అది ఎల్పీ కోసం బేస్ కత్తిరించిన టేపు, లేదా దాని కాపీకి కాపీ. అనలాగ్ శబ్దాన్ని అంకెలుగా మార్చే అప్పటి యంత్రాలు కూడా ఇప్పటి వాటి ముందు మొరటువే. సీడీ అంటే పల్చగా, కరుకుగా ఉంటుందన్న పేరు అలా వచ్చింది. సీడీ వెనక ‘ఏఏడీ’ అని మూడక్షరాలు ఉండేవి, గుర్తుందా? రికార్డింగ్ అనలాగ్, మిక్సింగ్ అనలాగ్, మాస్టరింగ్ డిజిటల్ అని అర్థం. ఎక్కించిన టేపు అసలుదో నకలో దానిలో ఉండేది కాదు.

అయితే తొలి సీడీలన్నీ చెత్త అనేయడం తప్పు. 1980లలో అట్లాంటిక్ కోసం బ్యారీ డైమెంట్ చేసిన లెడ్ జెప్లిన్, ఏసీ/డీసీ సీడీలను వినేవాళ్లు ఇప్పటికీ వెతికి కొంటున్నారు. టేపులో ఉన్నదాన్ని పెద్దగా కదపకుండా సీడీలోకి పోనిచ్చాడన్నది ఆయనకున్న పేరు. మరోవైపు లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌కు తమ బ్యాండు తొలి సీడీలు నచ్చలేదు. తానే ఇంజనీర్ జార్జ్ మరీనోతో కూర్చుని రీమాస్టర్ చేయించి 1990లో బాక్స్ సెట్‌గా తెచ్చాడు. పాటలు కట్టిన మనిషికి నచ్చనివి కొందరు శ్రోతలకు ప్రాణం. ఇందులో ఎవరిది తప్పంటే నేను చెప్పలేను.

తొలి సీడీల్లో ఇంకో తిరకాసు ఉంది. కొన్నింటిలో పైస్వరాలను కావాలనే పెంచి ఎక్కించేవారు, ప్లేయర్ వాటిని తిరిగి తగ్గించేది. బుస్ తగ్గించడానికి చేసిన ఏర్పాటు ఇది, పేరు ప్రీ-ఎంఫసిస్. కంప్యూటర్‌లోకి పాటలు ఎక్కించే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ సంగతి పట్టదు. పాత జపాన్ సీడీ ఒకటి ప్లేయర్‌లో హాయిగా ఉండి, కంప్యూటర్‌లోకి తీసుకున్నాక చెవులు గీరుతుంటే, తప్పు మాస్టరింగ్‌ది కాకపోవచ్చు.

ఇక, రీమాస్టర్ చేయడానికి నిజాయితీ గల కారణాలు ఏముంటాయి? అన్నిటికంటే పెద్దది, అసలు మాస్టర్ టేపును వెతికి పట్టుకోవడం. తర్వాతిది మంచి యంత్రాలు. ఒక్కోసారి పాత పొరపాటు దిద్దడం కూడా. రోలింగ్ స్టోన్స్ 1968 ఆల్బమ్ ‘బెగ్గర్స్ బాంక్వెట్’ దశాబ్దాల పాటు అసలు వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది, దాంతో శ్రుతి కూడా కిందికి దిగింది. 2002 రీమాస్టర్‌లో దాన్ని సరిచేశారు. ముప్పై ఏళ్లు విన్నవాళ్లకు మాత్రం సరైన వేగమే తప్పుగా వినిపించి ఉంటుంది.

టేపుల ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. 1970ల మధ్య నుంచి స్టూడియోల్లో బాగా వాడిన కొన్ని యాంపెక్స్ టేపుల్లో, అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మూత సరిగా పెట్టని అప్పడాలు వానాకాలంలో ఏమవుతాయో అవీ అలాగే అవుతాయి. ప్లే చేస్తే జిగురు యంత్రానికి అంటుకుని, పాట పొడి పొడిగా రాలిపోతుంది. దీనికి మందు కూడా అప్పడం మందే. 50-55 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే తేమ పోతుంది. కొన్ని వారాల పాటు టేపు మామూలుగా తిరుగుతుంది, ఈలోగా దాన్ని డిజిటల్‌లోకి తీసుకోవాలి. కాబట్టి ‘అసలు టేపు నుంచి కొత్తగా’ అని అట్ట మీద ఉన్నప్పుడు, ఇరవై ఏళ్ల కిందటి కాపీ తీసేనాటికి ఆ టేపు ఇప్పటికంటే ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొత్త యంత్రం, ముసలి టేపు.

ఇప్పుడు అసలు గొడవ. డిజిటల్‌లో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. 16 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె అది, దాని పైన ఇంకేమీ రాయలేం. రాక్ పాటలో ఆ పైకప్పును ముందు తాకేది డ్రమ్ దెబ్బ. క్షణంలో వచ్చి క్షణంలో పోయే ఆ దెబ్బకు చోటు ఉంచాలంటే మిగతా పాటంతా కాస్త కిందే ఉండాలి. మొత్తం పాటను గట్టిగా చేయాలంటే దారి ఒకటే. ఆ శిఖరాలను నరికి, మిగతాదాన్ని పైకి లాగాలి. దీనికి వాడేది లిమిటర్. 1994లో వేవ్స్ కంపెనీ తెచ్చిన ఎల్1 అనే సాఫ్ట్‌వేర్ లిమిటర్ రాబోయే శిఖరాన్ని ముందే చూసి అణిచేస్తుంది. అలాంటివి ప్రతి స్టూడియోకూ చేరాక పోటీ మొదలైంది. ఐదు డిస్కులు పట్టే ప్లేయర్‌లో పక్క బ్యాండు సీడీ తర్వాత మనది మెత్తగా వినిపిస్తే ఎలా? ఆ భయంలో కంపెనీలకు ఎంత వాటా ఉందో బ్యాండ్లకూ అంతే ఉంది.

ఇక్కడ ‘కంప్రెషన్’ అన్న మాట చాలామందిని తికమకపెడుతుంది. ఎంపీ3 చేసేది ఫైలు సైజు తగ్గించడం. నేను చెబుతున్నది మెత్తనికీ గట్టికీ మధ్య దూరం తగ్గించడం. సైజు తగ్గని సీడీలో కూడా పాట పూర్తిగా నలిగిపోయి ఉండొచ్చు.

నలిగితే ఎలా వినిపిస్తుంది? మొదటి నిమిషం అద్భుతంగా. అన్నీ ముందుకొచ్చి మీద పడతాయి. ఐదో పాటకు కారణం తెలియకుండానే వాల్యూమ్ తగ్గించాలనిపిస్తుంది. డ్రమ్ దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. పల్లవికి ముందు గొంతు ఒంటరిగా పాడి, ఒక్కసారిగా బ్యాండంతా విరుచుకుపడాల్సిన చోట ఏమీ జరగదు, ఎందుకంటే ఆ ఒంటరి గొంతు అప్పటికే బ్యాండంత గట్టిగా ఉంది. ప్రతి సంభాషణా అరుపే అయిన నాటకంలో అసలు అరవాల్సిన సీనుకు విలువ పోయినట్టు. 96 డెసిబెల్స్ చోటున్న సీడీలో పాటంతా పైకప్పుకు ఆనుకుని చివరి నాలుగైదు డెసిబెల్స్‌లో ఇరుక్కుని బతుకుతుంది. ఎల్పీలో ముల్లు ఎగిరిపోతుందన్న భయమైనా ఉండేది.

దీన్ని అంచుల దాకా తీసుకెళ్లింది స్టూజెస్ గాయకుడు ఇగ్గీ పాప్. 1973లో స్టూజెస్ బ్యాండు ‘రా పవర్’ ఆల్బమ్‌లో ఎక్కువ భాగాన్ని డేవిడ్ బౌవీ మిక్స్ చేశాడు. అది పల్చగా ఉందన్న విమర్శ మొదటినుంచీ ఉండేది. 1997లో ఇగ్గీ స్వయంగా రీమిక్స్ చేసి, శబ్దం కొలిచే మీటర్ల సూదులన్నీ ఎర్ర గీత దాటి ఉండేలా కావాలనే తోసేశాడు. అప్పటిదాకా వచ్చిన రాక్ సీడీల్లో అత్యంత గట్టి వాటిల్లో అది ఒకటి. అది అజ్ఞానంతో చేసింది కాదు, ఆ సంగీతానికి ఆ మొరటుదనం నప్పిందనే వాళ్లు నాకు తెలుసు. కానీ వినేవాళ్లకు రెండూ కావాల్సి వచ్చాయి. 2010లో బౌవీ మిక్స్‌ను మళ్లీ విడుదల చేశారు.

రష్ బ్యాండు కథ ఇంకా విచిత్రం. 2002 ఆల్బమ్ ‘వేపర్ ట్రెయిల్స్’ ఎంత పగిలిపోయి వచ్చిందంటే, రీమాస్టర్‌తో లాభం లేదని తేలింది. మిక్స్‌లోనే నలిగిపోతే మాస్టరింగ్ వాడు ఏం చేస్తాడు? 2013లో డేవిడ్ బాట్రిల్ ట్రాకుల దగ్గరి నుంచి మళ్లీ మిక్స్ చేసి ఇచ్చాడు. ఇక 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో నలగకుండా వినిపించాయి. సీడీ కొన్న అభిమానులు మళ్లీ మిక్స్ చేయమని సంతకాలు సేకరించారు. ఆటబొమ్మలో ఉన్న సౌండ్ సీడీలో లేదు! రీమాస్టర్ కాకపోయినా ఆ ఆల్బమ్‌ను ఇక్కడ చెప్పడానికి కారణముంది. లిమిటర్ గురించి సంగీతం బయటి జనం కూడా మాట్లాడుకున్నది అప్పుడే.

చెప్పకుండా మార్చేసిన కథలు దాచి ఉంచాను కదా. 1987లో జడ్‌జడ్ టాప్ బ్యాండు పాత ఆల్బమ్‌లను ‘సిక్స్ ప్యాక్’ పేరుతో సీడీలుగా తెచ్చారు. 1970ల డ్రమ్స్‌కు 1980ల ప్రతిధ్వని, కొత్త డ్రమ్ శబ్దాలు తగిలించి రీమిక్స్ చేసేశారు. 1973 ఆల్బమ్ ‘ట్రెస్ ఓంబ్రెస్’ అసలు మిక్స్ సీడీ మీదికి రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా సీడీ మాత్రమే విన్న తరం, ఆ ఆల్బమ్ అలాగే ఉండేదనుకుంది. మనకిది కొత్తేమీ కాదు. పాత హిందీ పాటల కింద డప్పులు కలిపి ‘ఝంకార్ బీట్స్’ అని క్యాసెట్లు అమ్మిన దేశం మనది. మనవాళ్లు కనీసం అట్ట మీద పెద్దక్షరాలతో చెప్పేవారు.

గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌ది అంతకంటే ఘోరం. 2002లో ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’, ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ మళ్లీ విడుదలైనప్పుడు, అసలు వాయించిన బాబ్ డెయిస్లీ బేస్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్ చెరిపేసి, వేరే వాళ్లతో కొత్తగా వాయించి అతికించారు. రాయల్టీల గొడవ నేపథ్యం. 2011లో అసలువి తిరిగి వచ్చాయి. ఇరవై ఏళ్లు విన్న డ్రమ్ వాయింపు మాయమైన సీడీని ఏ అర్థంలో ‘పునర్విడుదల’ అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరి బాగా జరిగిన పని ఎలా ఉంటుంది? బీటిల్స్ ఆల్బమ్‌లు సీడీలుగా వచ్చింది 1987లో. తొలి నాలుగూ మోనోలోనే, అంటే ఎడమ, కుడి తేడా లేకుండానే ఇచ్చారు. ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’ స్టీరియో మిక్స్‌లు నచ్చక నిర్మాత జార్జ్ మార్టిన్ వాటిని రీమిక్స్ చేశాడు. తర్వాత ఇరవై రెండేళ్లు వాటినే అమ్మారు. యాబీ రోడ్ స్టూడియో ఇంజనీర్లు నాలుగేళ్లు కూర్చుని అసలు టేపులన్నింటినీ కొత్తగా డిజిటల్‌లోకి తీసుకుని, 2009 సెప్టెంబర్ 9న విడుదల చేశారు. మొత్తం 525 నిమిషాల సంగీతంలో బుస్ తొలగించే సాఫ్ట్‌వేర్ వాడింది ఐదు నిమిషాలకు లోపే. ఇది మెచ్చుకోవాల్సిన నిగ్రహం. టేపు బుస్, డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాల (సింబల్స్) చివరి మెరుపు ఒకే రకం పైస్వరాల్లో ఉంటాయి. ఒకదాన్ని తుడిస్తే రెండోదీ పోతుంది. 1990లలో ‘శుభ్రం’ చేసిన ఎన్నో సీడీల్లో తాళాలు దుప్పటి కప్పుకుని మోగడానికి కారణం ఇదే.

ఆ 2009 విడుదలలో నాకు ఆసక్తి కలిగించేది ఒకటుంది. స్టీరియో సీడీలకు ఈ కాలపు అలవాటు మేరకు కాస్త లిమిటింగ్ వాడారు. ‘మోనో’ బాక్స్‌కు అసలు వాడలేదు. ఒకే ఇల్లు, ఒకే టేపుల అల్మరా, ఒకే ఏడాది. రెండు రకాల కొనుగోలుదారులు. మామూలు జనానికి గట్టిది, పట్టింపున్నవాళ్లకు మెత్తది. ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’ 1965 నాటి అసలు స్టీరియో మిక్స్‌లు కూడా దొరికింది ఆ మోనో డిస్కుల్లోనే! స్టీరియో సీడీ కొన్నవాడికి 1987 రీమిక్స్, మోనో సీడీ కొన్నవాడికి అసలు స్టీరియో. దీన్ని అట్ట చూసి ఎవరు ఊహించగలరు?

ఖరీదైన ఫార్మాట్ కొంటే ఈ బాధలు ఉండవని ఒక నమ్మకం. పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 30 ఏళ్ల సందర్భంగా 2003లో సూపర్ ఆడియో సీడీగా వచ్చింది. ఒకే డిస్కులో రెండు పొరలు, ఒకటి ఖరీదైన ప్లేయర్ కోసం, ఇంకోటి మామూలు సీడీ ప్లేయర్ కోసం. కొలిచి చూసిన స్టీరియోఫైల్ పత్రిక, మామూలు సీడీ పొరను ఎక్కువ నలిపారని రాసింది. అంటే రెండు పొరలనూ వెంటవెంటనే వినిపించి “చూశారా, కొత్త ఫార్మాట్ ఎంత బాగుందో” అంటే, తేడా ఫార్మాట్‌ది కాదు, మాస్టరింగ్‌ది. జపాన్ నుంచి వచ్చే ఎస్‌హెచ్ఎం సీడీల్లో ప్లాస్టిక్ మరింత పారదర్శకమైనది. డిస్కులో ఉన్న అంకెలు అవే అయితే వచ్చే శబ్దమూ అదే. అవి బాగుంటే, ఎక్కించిన టేపు బాగుండడం వల్ల.

కొనేముందు ఎలా తెలుసుకోవాలి? చాలామంది డీఆర్ అంకె చూస్తారు. శిఖరాలకూ సగటు శబ్దానికీ మధ్య దూరాన్ని కొలిచే అంకె అది. పన్నెండు, పద్నాలుగు ఉంటే పాటకు ఊపిరి ఉన్నట్టు, ఐదారు ఉంటే నలిగినట్టు. పనికొచ్చే అంకే గానీ అందులో ఒక ఉచ్చు ఉంది. నలిగిన డిజిటల్ మాస్టర్ నుంచే ఎల్పీ చెక్కి, దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకుని కొలిస్తే అంకె పెరుగుతుంది. గాడి, ముల్లు తరంగం ఆకారాన్ని మార్చడం వల్ల వచ్చిన ఉత్తుత్తి శిఖరాలు అవి. ఎల్పీ కొన్నవాళ్లు ఆ అంకె చూసి మురిసిపోతుంటారు. పైగా ఆ అంకె టేపు అసలుదా నకలా చెప్పదు, బేస్ కత్తిరించారా లేదా చెప్పదు. డీఆర్ పద్నాలుగు ఉండి, రేకు డబ్బాలా మోగే 1985 సీడీలు ఉన్నాయి.

వినడమే మిగిలిన దారి, అదీ శబ్దం సమం చేసి. విచిత్రంగా, ఇందులో స్ట్రీమింగ్ కాస్త మేలు చేసింది. స్పాటిఫై లాంటివి పాటలన్నింటినీ ఇంచుమించు ఒకే శబ్దానికి తెస్తాయి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ఆ గుర్తు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట సగటు గట్టిదనాన్ని చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టిది). మైనస్ 8 దాకా నలిపిన రీమాస్టర్‌ను అది ఆరు డెసిబెల్స్ కిందికి దించేస్తుంది. గట్టిదనం పోయాక మిగిలేది చదునుగా, శిఖరాలు నరికిన పాట. పక్కన నలగని పాత మాస్టర్ పెడితే అదే సజీవంగా ఉంటుంది. కానీ పక్కన పెట్టడానికి పాతది ఉంటేగా. కొత్త రీమాస్టర్ రాగానే చాలా ఆల్బమ్‌ల పాత మాస్టర్ యాప్‌లోంచి మాయమవుతుంది. అది మిగిలేది సెకండ్‌హ్యాండ్ షాపుల్లో, గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బాల్లో. ‘డిజిటల్లీ రీమాస్టర్డ్’ అన్న బంగారు రంగు స్టిక్కర్ చూసి కొత్తది కొని, పాత సీడీలను అక్కడ ఇచ్చేసినవాళ్లు ఇప్పుడు నాలుగింతలు పెట్టి అవే వెనక్కి కొంటున్నారు. నేను ఇచ్చేసినవి మూడు. ఒకటి దొరికింది.